డూప్ లేదను డంబము

ఒకానొక కాలమున చలనచిత్రము విడుదల కానున్నదనగా ప్రకటనలలో కథారచయిత పేరో, సంగీతదర్శకుని పేరో ముందుగా వినవచ్చెడిది. నేడు వాటినన్నింటిని వెనుకకు నెట్టి, 'హీరో ఈ సాహసములన్నింటిని డూప్ లేకుండ తానే చేసినాడు' అను వాక్యము ముందునకు వచ్చి నిలిచినది. విడుదలకు ముందు జరుగు ఉత్సవములలో, టీవీ సంభాషణలలో, పత్రికల సినిమా పుటలలో ఈ వాక్యము వినబడని చిత్రము అరుదు. అందును మానవాతీత శక్తులు గల నాయకుల కథలు తెలుగునాట ప్రబలినది మొదలు దీని జోరు మరింత హెచ్చినది. 2025 సెప్టెంబరులో వచ్చిన 'మిరాయ్' చిత్రమునకై తేజ సజ్జా ప్రత్యేక శిక్షణ పొంది పోరాట దృశ్యములలో స్వయముగా పాల్గొనినాడని ప్రచారమున ఘనముగా చాటిరి. ప్రేక్షకులును చప్పట్లు చరచిరి.

ఆ యువనటుని శ్రమను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. బాలనటుడుగా చిత్రసీమను ప్రవేశించి, నాయకస్థానమునకు ఎదిగి, దేహమును పాత్రకు అనుగుణముగ మలచుకొను నటుడు సర్వవిధముల శ్లాఘనీయుడే. నా సందేహమెల్ల ఆ శ్రమను లోకమునకు అందించు ఆ వాక్యమును గూర్చియే. దానిని విని మనము మెచ్చుకొనుచున్నది అభ్యాసమునా, అపాయమునా? ఈ రెంటికిని గల భేదమును మరచుటచేత మన చిత్రపరిశ్రమ రెండు తప్పులు చేయుచున్నదని నా అభిప్రాయము: ఒకటి, ప్రాణాపాయమును ప్రతిభగా ప్రకటించుట, రెండవది, ఆ అపాయమునే వృత్తిగా స్వీకరించి ఎముకలు విరుగగొట్టుకొను ఫైటర్లను, వారిని నడిపించు ఫైట్ మాస్టర్లను మరుగుపరచుట.

ఈ మోజు నిన్న మొన్నటిది కాదు. 1935లో వెలువడిన 'హంటర్‌వాలీ' అను హిందీ చిత్రమున నాదియా అను నటీమణి కొరడా చేతబట్టి, గుఱ్ఱమునెక్కి, సాహసకృత్యములను తానే చేసి దేశమంతటను కీర్తిగాంచెను. తెలుగు జానపద చిత్రములలో కత్తియుద్ధమనగా కాంతారావే. జనము ఆయన పేరునకు ముందు కత్తిని చేర్చి పిలుచుకొనిరి. 1965లో 'తేనె మనసులు' చిత్రముతో నూతన నటుడుగా ప్రవేశించిన కృష్ణ, కారును స్కూటరుపై వెంబడించు దృశ్యమున డూప్ సాయము లేకుండ తానే నటించెననియు, ఆ తెగువను గుర్తించిన నిర్మాత డూండీ మరుసటి సంవత్సరమున 'గూఢచారి 116' చిత్రమున ఆయనకు నాయకపాత్రను ఒసంగెననియు చిత్రసీమలో నేటికిని చెప్పుకొందురు. 1983లో 'ఖైదీ'తో అగ్రశ్రేణికి ఎదిగిన చిరంజీవి అభిమానులలో కలిగించిన ఉత్సాహమునందు నృత్యమునకు ఎంత భాగము కలదో, పోరాటములలో ఆయన దేహము చూపిన వేగమునకును అంత భాగము కలదు.

ప్రేక్షకుని ఈ మోజులో న్యాయము లేకపోలేదు. దెబ్బ తగులుచున్నపుడు నాయకుని ముఖము కనబడినచో ఆ దెబ్బ మనకును తగిలినట్లుండును. అదే సమయమున కెమెరా చటుక్కున వీపువైపునకు తిరిగి, జుట్టు వేరుగను, భుజములు వేరుగను ఉన్న మరియొక మనిషిని చూపినచో, అంతవరకు అల్లుకొనిన భ్రమ ఒక్క క్షణములో చెదరిపోవును. కనుక నటుడు గుఱ్ఱపుస్వారి నేర్వవలెననుట, కత్తిని త్రిప్పగలుగవలెననుట, పరుగులో ఊపిరి పట్టగలుగవలెననుట సమంజసమైన కోరికలే. అవి నటనలో అంతర్భాగములు. ఈ మేరకు నాకు ఎవ్వరితోను వివాదము లేదు.

కాని సూపర్ హీరో కథ వేరు. అతడు చేయు పని ఏదియు మానవసాధ్యము కాదనుటయే ఆ కథకు ప్రాణము. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వమున నందమూరి తారక రామారావు నటించిన 'సూపర్‌మేన్' చిత్రమున ఆంజనేయుని వరముచేత శక్తిని పొందిన నాయకుడు గగనమార్గమున సంచరించును. నాటి ప్రేక్షకులు ఆ విహారమును చూచి ఆనందించిరే గాని, రామారావుగారు నిజముగా ఎన్ని అడుగుల ఎత్తున వ్రేలాడిరని ప్రశ్నింపలేదు. 1968 నాటి 'వీరాంజనేయ' మొదలు అనేక పౌరాణిక చిత్రములలో హనుమంతుడై నిలిచిన అర్జా జనార్దనరావు వ్యాయామముచేత తీర్చుకొనిన దేహమును చూడగనే జనము చేతులు జోడించిరి. సముద్రలంఘనము ఆయన స్వయముగా చేసెనా అని విచారింపలేదు. దేహసౌష్ఠవము నటునిది, లంఘనము కథది అని వారికి తెలిసియే యుండెను. నేడు గ్రాఫిక్స్ ఇంత పెరిగి, ఆకాశమును, సముద్రమును, పర్వతమును గదిలో కూర్చుండి సృష్టింపగల కాలము వచ్చిన పిమ్మట, నాయకుడు నిజముగా ఎగిరినాడా లేదా అను విచారము బయలుదేరుట వింతయే. తెరపై కనబడునది ఎంతగా అసత్యమైన, తెర వెలుపల ప్రకటనలలో అంతగా సత్యమును చూపవలెనను ఆరాటము పెరుగుచున్నట్లున్నది.

అయితే ఆ ప్రకటనలోని సత్యమెంత? నాయకుడు గాలిలో ఎగురు దృశ్యమును చిత్రించు విధానమును కొంచెము విచారింతము. దుస్తుల లోపల నడుమునకు, తొడలకు బిగుతుగా పట్టీలు కట్టుదురు. వాటి పార్శ్వములకు సన్నని తీగలను తగిలించి, పైనున్న క్రేనుకు కట్టిన కప్పీల మీదుగా ఆవలికి దింపుదురు. ఆవలి కొసను ఫైటర్లు పట్టుకొని, మాస్టరు లెక్క చెప్పగనే ఒక్కుమ్మడిగా లాగుదురు. దీనినే వారు రోప్ అందురు. లాగువారిలో ఒక్కడు అరక్షణము ముందు లాగినను, మరియొకడు వెనుకబడినను, గాలిలోని మనిషి ప్రక్కకు తిరిగి గోడకు కొట్టుకొనును. దృశ్యము పూర్తియైన పిమ్మట గ్రాఫిక్స్ నిపుణులు తెరపై నుండి ఆ తీగను తుడిచివేయుదురు. ప్రచారకులు తీగ పట్టినవారిని తుడిచివేయుదురు. నటుడు ఆ పట్టీలలో గంటల తరబడి వ్రేలాడి, తొడలు కమిలి, నడుము పట్టుకొనిపోవునంతగా బాధపడుట నిజమే. కాని ఇందరి బాహుబలముపై ఆధారపడిన కార్యమును 'తానే చేసినాడు' అనుట ఏ లెక్కన చెల్లును?

పైగా ఆ దృశ్యమును నటునికి అప్పగించుటకు ముందు ఒకరో ఇద్దరో ఫైటర్లు దానిని చేసి చూచుట ఈ వృత్తిలోని మర్యాద. ఎత్తు సరిపోయినదా, దిగువ పరచిన పరుపులు, అట్టపెట్టెలు చాలునా, లెక్క కుదిరినదా అను ప్రశ్నలకు సమాధానము వారి దేహములే చెప్పవలెను. కొలతలు కుదరని తొలి ప్రయత్నము వారిది. కుదిరిన తరువాతి టేకు నాయకునిది. ఈ క్రమము తప్పు కాదు, తెలివైన క్రమమే. ఆ తొలి మనిషి పేరు ఎచ్చటను వినబడకపోవుటయే తప్పు.

ఇందుకు నిదర్శనము మన కన్నుల ముందరనే యున్నది. 2024 సంక్రాంతికి విడుదలై దేశమంతటను ఆదరము పొందిన 'హనుమాన్' చిత్రమునకు, 2025 ఆగస్టు 1వ తేదీన ప్రకటింపబడిన 71వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో రెండు గౌరవములు లభించినవి: ఒకటి యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగమున, రెండవది పోరాట దర్శకత్వమునకు గాను నందు, పృథ్వీ అను ఫైట్ మాస్టర్లకు. తెలుగు సూపర్ హీరో చిత్రమునకు ఈ దేశము ఇచ్చిన గౌరవములలో ఒకటి యంత్రము చేసిన మాయకును, ఒకటి మనుష్యులు చేసిన శ్రమకును దక్కినవన్నమాట. చిత్రనాయకుని పేరు ఎరుగని బాలుడు మన వీధులలో లేడు. ఈ ఇరువురి పేర్లు ఎరిగినవారు ఎందరు? జాతీయ పురస్కారములు 1954లో ఆరంభమైనను, పోరాట కల్పనకు ప్రత్యేక పురస్కారము 2017లో, 64వ పురస్కారములతో గాని రాలేదు. అపుడు 'పులిమురుగన్' అను మలయాళ చిత్రమునకు గాను పీటర్ హెయిన్ తొలి గౌరవమును అందుకొనెను. ఆ తరువాత 'బాహుబలి' రెండవ భాగమునకు అబ్బాస్ అలీ మొఘల్, 'ఆర్ఆర్ఆర్'కు కింగ్ సోలమన్ దానిని పొందిరి. ఏడెనిమిది ఏండ్ల వ్యవధిలో తెలుగు చిత్రములు మూడుసార్లు అందుకొనిన ఈ గౌరవమును గూర్చి మనము చెప్పుకొనినది అత్యల్పము.

సాహసమును స్వయముగా చేయుట అను విషయమున ఉత్తరాంధ్ర ప్రజలకు ఎవ్వరును పాఠములు చెప్పనక్కరలేదు. విశాఖ సముద్రతీరమున విగ్రహమై నిలిచిన కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామవిద్యను సాధించి, సర్కస్ సంఘమును స్థాపించి, రెండు మోటారుకార్లను ఇరుప్రక్కల కట్టి కదలనీయక నిలిపినాడనియు, ఛాతీకి చుట్టిన ఉక్కుగొలుసును ఊపిరి బిగించి త్రెంచినాడనియు, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనినాడనియు మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. కలియుగ భీముడని బిరుదు పొందిన ఆ మహాబలునకు డూప్ ఎవ్వడు? ఉండరాదు కూడ. సర్కస్ గుడారములో టిక్కెట్టు కొనినవాడు ఫలానా మనిషి బలమును ప్రత్యక్షముగా చూచుటకే డబ్బిచ్చినాడు. అచ్చట వేరొకనిని నిలిపినచో అది మోసము. నాటకమున, చలనచిత్రమున టిక్కెట్టు కొనినవాడు కథను చూచుటకు వచ్చినాడు; అచ్చట రాజు పాత్రధారికి రాజ్యముండవలసిన పనిలేదు, మరణించు పాత్రధారి మరణింపవలసిన పనిలేదు. ఈ రెండు ధర్మములును వేర్వేరు. 'డూప్ లేకుండ' అను ప్రకటన చలనచిత్రమును సర్కస్ తూనికరాళ్లతో తూచుటకు చేయు ప్రయత్నము. తూకము తప్పక తప్పుటకు కారణమదియే.

మన పూర్వులు ఈ ధర్మభేదమును ఎంత సూక్ష్మముగ గుర్తించిరో భరతుని నాట్యశాస్త్రము చెప్పును. రంగస్థలముపై ఆయుధములను ప్రయోగించు పద్ధతులను భారతము, సాత్త్వతము, వార్షగణ్యము, కైశికము అని నాలుగు న్యాయములుగా విభజించి, ఏ పద్ధతిలో అడుగులు ఎట్లు పడవలెనో, డాలును ఎట్లు త్రిప్పవలెనో వివరించిన ఆ మహర్షియే, రంగముపై నిజముగా ఛేదింపరాదనియు, భేదింపరాదనియు, రక్తము చిందింపరాదనియు, ప్రహారమును సంజ్ఞామాత్రముగనే చూపవలెననియు కట్టడి చేసెను. అంతమాత్రమున నటుడు సోమరిగా కూర్చుండవచ్చునని ఆయన చెప్పలేదు. అదే సందర్భమున నటుడు తైలమర్దనము చేసికొని నిత్యము వ్యాయామము చేయవలెనని విధించెను. వ్యాయామము అవశ్యకర్తవ్యము, గాయము నిషిద్ధము: ఈ రెండు మాటలను ఒక్కచోట ఉంచిన ఆ శాస్త్రకారుని వివేకము, ఇన్సూరెన్సు కంపెనీలు, భద్రతా నియమములు గల ఈ కాలమున మన చిత్రసీమకు ఇంకను పూర్తిగా అందలేదనుట విచారకరము.

అందకపోవుటచేత కలిగిన అనర్థములు కొన్నింటిని తలచుకొనక తప్పదు. 1980 నవంబరు 16వ తేదీన మద్రాసు సమీపమున షోళవరములో 'కోళిళక్కం' అను మలయాళ చిత్రమునకై హెలికాప్టరు దృశ్యమును చిత్రించుచుండగా, నాటి మలయాళ చిత్రసీమలో అగ్రనటుడైన జయన్ ఆ హెలికాప్టరు కూలి మరణించెను. అంతకుముందు తీసిన టేకుతో దర్శకుడు తృప్తిపడినను, ఆ నటుడే మరియొకసారి చేయుదునని పట్టుబట్టెనని చెప్పుదురు. డూప్‌ను అంగీకరింపని నటుడని అతనికి అప్పటికే పేరు. ఆ పేరును నిలుపుకొనవలెనను తపనయే అతనిని నలుబదియొక్క యేండ్ల ప్రాయముననే బలిగొనినది. 2016 నవంబరు 7వ తేదీన బెంగళూరు సమీపమున తిప్పగొండనహళ్లి జలాశయముపై 'మాస్తిగుడి' అను కన్నడ చిత్రమునకై హెలికాప్టరు నుండి నీటిలోనికి దుమికిన ఇరువురు నటులు, అనిల్, ఉదయ్, తిరిగి పైకి రాలేదు. వారి వెంట దుమికిన నాయకుడు మాత్రము బయటపడెను. ప్రతినాయక పాత్రలు ధరించిన ఆ ఇరువురికిని అది జీవితమున పెద్ద అవకాశము. చేయలేనని చెప్పుటకు అగ్రనటునికి గల స్వేచ్ఛ అట్టివారికి ఉండదు. హీరో డూప్ లేకుండ దుముకుచున్నపుడు, ప్రక్కనున్న చిన్న నటుడు ఏ ముఖముతో వెనుకాడగలడు?

పాశ్చాత్య దేశములలోను పరిస్థితి నిర్దోషము కాదు. 2017 ఆగస్టులో కెనడాలోని వాంకూవర్ నగరమున 'డెడ్‌పూల్ 2' అను సూపర్ హీరో చిత్రమునకై మోటారుసైకిలు నడుపుచు, నటికి బదులుగా నిలిచిన జోయి హారిస్ అను యువతి మరణించెను. తెరపైనున్న పాత్రకు శిరస్త్రాణము లేదు గనుక ఆమెకును లేదు. కథలోని శక్తి ఆమెకు లేదనియు, ఆమె తలయు మన తలలవంటిదే అనియు ఎవ్వరికిని తోచలేదు. 2025 జులై 13వ తేదీన తమిళనాడులోని నాగపట్టణ ప్రాంతమున ఒక చిత్రమునకై కారును ఎగిరించు దృశ్యమున ఎస్.ఎం. రాజు అను స్టంట్ కళాకారుడు ప్రాణములు కోల్పోయెను. ఆయన ఆ పనిలో కొత్తవాడు కాడు; ఎన్నో చిత్రములలో ఎందరో నాయకుల కొరకు కార్లను బోల్తా కొట్టించిన చేయి అది. ఆ వార్త రెండు దినములు నిలిచినది. పిమ్మట హిందీ నటుడు అక్షయ్ కుమార్ తన ధనముతో సుమారు 650 మంది స్టంట్ కళాకారులకు బీమా ఏర్పాటు చేయించిన విషయము వెలుగులోనికి వచ్చి, అందరును ఆయన ఔదార్యమును కొనియాడిరి. కొనియాడవలసినదే, కాని కోట్ల రూపాయల పెట్టుబడితో నడచు పరిశ్రమలో, అత్యంత ప్రమాదకరమైన పని చేయువారి బీమా ఒక నటుని దయాధర్మముపై ఆధారపడవలసి వచ్చుట పరిశ్రమకు గౌరవము కాదు.

నటుని స్వేచ్ఛను గూర్చి కొందరు అడుగుదురు: తన దేహము, తన ఇష్టము, పడుదునన్నవానిని వారించుటకు మనమెవ్వరము? కాని అగ్రనటుని దేహము చిత్రీకరణ కాలమున అతనిది మాత్రమే కాదు. 2017లో లండను నగరమున రెండు భవనముల నడుమ దుముకుచు టామ్ క్రూజ్ చీలమండ విరుగగొట్టుకొనగా వారముల తరబడి చిత్రీకరణ ఆగిపోయినది. ఆ నష్టమును భరించుటకు అచ్చట పెద్ద సంస్థలు, పెద్ద బీమాలు కలవు. మనకడ చిత్రము ఫైనాన్సియర్ల అప్పుపై నడచును. షూటింగు ఆగినను వడ్డీ ఆగదు. లైట్‌మన్లు, వంటవారు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఫైటర్లు దినసరి బత్తెముపై బ్రతుకువారు. 2025 ఆగస్టులో వేతనముల పెంపునకై వారు రెండు వారములకు మించి సమ్మె చేసిన సంగతి పాఠకులు మరచియుండరు. ఒక్కని కాలు విరిగినచో వందల ఇండ్లలో పొయ్యి మండుట కష్టమగును. డూప్‌ను వాడుకొను నటుడు పిరికివాడు కాడు. అతడు ఆ వందల ఇండ్లను తలచుకొనినవాడు కావచ్చును.

ఈ మాటలు విశాఖపట్టణమున కూర్చుండి వ్రాయుచున్నందున నాకు మరియొక విషయము తోచుచున్నది. ఎత్తు, బరువు, నిప్పు, నీరు: చలనచిత్రము సాహసమునకై వెదకు ఈ నాలుగును ఈ నగరపు నిత్యజీవనమున భాగములు. రేవులో కళాసీలు, ఉక్కు కర్మాగారమున కొలిమి వద్ద పనివారు, షిప్‌యార్డులో ఓడ ప్రక్కన వ్రేలాడుచు వెల్డింగు చేయువారు ప్రతిదినము చేయు పనిని చిత్రించినచో అదే ఒక సాహసచిత్రమగును. అయినను సేఫ్టీ బెల్టు లేకుండ ఎత్తునకు ఎక్కినవానిని ఉక్కు కర్మాగారమున ఎవ్వరును వీరుడని పొగడరు. నిబంధన మీరినవాడని దింపివేయుదురు. పర్మిట్ లేనిదే పని మొదలుకారాదనియు, హెల్మెట్ లేనిదే గేటు దాటరాదనియు నియమములు ఏర్పడినవి. ఈ జ్ఞానము మాకు ఉచితముగా రాలేదు. 2012 జూన్ 13న ఉక్కు కర్మాగారమున ఆక్సిజన్ విభాగమందు జరిగిన విస్ఫోటనములో 19 మంది అసువులు బాసిరి. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో భారపరీక్ష జరుగుచుండగా క్రేను కూలి 11 మంది మరణించిరి. నియమములుండియు ఇట్టి ఘోరములు జరుగగలవని ఎరిగిన ఈ నగరమునకు, నియమములే లేనిచోట ఏమి జరుగగలదో ఊహించుట కష్టము కాదు.

ఈ నగరమునకే చిత్రసీమయు తరలి వచ్చుచున్నది. 1978లో 'మరోచరిత్ర' ఈ తీరమును దేశమునకు పరిచయము చేసినది మొదలు నేటివరకు ఋషికొండ, భీమిలి, అరకు లోయ, బొఱ్ఱా గుహలు ఎన్ని చిత్రములలో కనబడినవో లెక్క లేదు. భీమిలి మార్గమున రామానాయుడు స్టూడియో వెలసినది. ఆంధ్ర విశ్వవిద్యాలయ మైదానములలో విడుదల పూర్వోత్సవములు జరుగుచున్నవి. విశాఖను చిత్రనిర్మాణ కేంద్రముగ తీర్చిదిద్దవలెనను మాట ప్రతి ప్రభుత్వము నోటను వినబడుచున్నది. రానిండు, సంతోషమే. కాని షిప్‌యార్డులో క్రేనుకు భారపరీక్ష కావలెననినపుడు, తీరమున షూటింగునకు అద్దెకు తెచ్చి, దానికి ఒక మనిషిని తీగతో వ్రేలాడగట్టు క్రేనుకు అట్టి పరీక్ష అక్కరలేదా? ఋషికొండ, యారాడ తీరములలో అలల స్వభావమెరుగక స్నానమునకు దిగిన యువకులు కొట్టుకొనిపోవుచున్న వార్తలను తరచు చదువుచున్న మనము, అదే కడలిలో పోరాట దృశ్యమును చిత్రించుటకు అనుమతి ఇచ్చునపుడు గట్టుపై ఎన్ని పడవలు, ఎందరు ఈతగాండ్రు ఉన్నారని అడుగవలదా?

కావున నా సూచనలు కొన్ని. చిత్రీకరణకు అనుమతి ఇచ్చు ప్రభుత్వ యంత్రాంగము, స్థలమును, అద్దెను, ట్రాఫిక్కును విచారించునట్లే, సాహస దృశ్యములున్నచో భద్రతా ప్రణాళికను కూడ అడుగవలెను: ఎంత ఎత్తు, ఏ పరికరము, దానిని పరీక్షించినదెవ్వరు, వైద్యుడు ఎచ్చట నిలుచును, ఆంబులెన్సు ఎంత దూరమున ఉన్నది, నీటి దృశ్యమైనచో జాలరిపేట ఈతగాండ్రను, పడవలను నియమించినారా అను ప్రశ్నలు ఆ పత్రమున ఉండవలెను. ఇందుకు నిపుణులను ఎక్కడనో వెదకనక్కరలేదు. కర్మాగారములలో భద్రతాధికారులుగా జీవితమెల్ల గడిపి పదవీవిరమణ చేసినవారు ఈ నగరపు వీధివీధిని ఉన్నారు. సెట్టుపై ఒక దృశ్యము చేయదగినదా కాదా అను విషయమున తుదిమాట ఫైట్ మాస్టరుది కావలెను. దర్శకుని తొందరయు, నటుని పట్టుదలయు, నిర్మాత ఖర్చుల లెక్కయు ఆ మాటను దాటరాదు. ప్రతి ఫైటరునకు బీమా చిత్రనిర్మాణ వ్యయములో భాగము కావలెను. అది లేనిదే షూటింగు మొదలు కారాదు.

పేర్ల విషయమునను మార్పు రావలెను. 2027లో విడుదలయగు చిత్రములకు, అనగా 2028లో జరుగు నూరవ ఆస్కారు ఉత్సవము మొదలు, స్టంట్ రూపకల్పనకు ప్రత్యేక పురస్కారమును ఇత్తుమని అకాడమీ 2025 ఏప్రిలులో ప్రకటించినది. ఆ ప్రకటనతోపాటు ప్రచురించిన చిత్రములలో 'ఆర్ఆర్ఆర్' దృశ్యమును చేర్చిరి. మన్యపు వీరుడు అల్లూరి సీతారామరాజు పేరు ధరించిన పాత్ర గల తెలుగు చిత్రము ప్రపంచపు స్టంట్ కళకు ఒక ఉదాహరణగ నిలుచుట మనకు గర్వకారణమే. ఆ పురస్కారమునకు తెలుగు చిత్రము పోటీపడిన నాడు వేదికపైకి వెళ్లవలసినది ఫైట్ మాస్టరు. ఆనాటికైన ఆయన పేరు మనవారికి తెలిసియుండవలెనన్నచో, నేటినుండియే ఆ పేరును ప్రకటనలలో చదువుట, వేదికలపై పలుకుట మొదలుపెట్టవలెను.

అన్నింటికంటె సులభమైన సంస్కరణ ప్రచారమున చేయదగినది. దానికి జీవో అక్కరలేదు, రూపాయి ఖర్చు లేదు. 'డూప్ లేకుండ చేసినాడు' అనుటకు బదులు, ఏ మాస్టరు వద్ద ఏ విద్యను ఎంతకాలము నేర్చినాడో చెప్పుడు. అట్లు చెప్పినచో నటుని కృషికి తరుగు రాదు సరికదా, కష్టపడి నేర్వవలెనను బుద్ధి యువకులకు కలుగును. నేడు వారు ఆ ప్రకటనలనుండి గ్రహించుచున్నది వేరు: బీచ్ రోడ్డున ముందు చక్రమును పైకెత్తి బైకులు నడుపుచు, హెల్మెట్ లేని ముఖములతో రీల్స్ తీసికొనుచున్న పిల్లలను ఆపి అడిగినచో, హీరోలు చేయుటలేదా అందురు. ఆ హీరో క్రింద పరుపులు పరచియున్నవని, ప్రక్కన పదిమంది ఫైటర్లు ఉన్నారని, ఆ రోడ్డును పోలీసులు మూసియుంచినారని ఎవ్వరును వారికి చెప్పలేదు. చెప్పవలసినవారు డూప్ లేదని గొప్పలు పోవుచుండిరి.

ఇవన్నియు అమలైనచో మన సూపర్ హీరో చిత్రములు పలుచబడునని భయపడువారికి ఒక్క సమాధానము: ప్రేక్షకుడు టిక్కెట్టు కొనునది అసాధ్యమును నమ్ముటకు, ఒక మనిషి నిజముగా చావునకు చేరువగా వెళ్లినాడని నిరూపణ చూచుటకు కాదు. నమ్మించుట కళ. ఆ కళలో నటుడు, ఫైటరు, మాస్టరు, తీగ లాగినవాడు, తీగను తుడిచినవాడు అందరును భాగస్వాములు. ఈసారి ఈ నగరమున విడుదల పూర్వోత్సవము జరిగినపుడు, నాయకుడు తన ఫైట్ మాస్టరును, తనకు ముందుగా ఆ దృశ్యమును చేసి చూచిన ఫైటరును వేదికపైకి పిలిచి, వారి పేర్లు చెప్పి, వారికి బీమా ఉన్నదని సభకు తెలుపవలెనని నా విన్నపము. ఆ మాటలు చెప్పగలిగిన నటుడు ఏ దృశ్యమును స్వయముగా చేసెను, ఏ దృశ్యమును చేయలేదు అని లెక్కించు పని మనకిక ఉండదు.